పూల్‌సింగ్ కథలో ఖాళీలు

పూల్‌సింగ్ పిరికివాడు. వెనక నుంచి అంటున్న మాట కాదిది. ముఖం మీదే ఎన్నోసార్లు అన్నాను, వాడు ఒక్కసారీ కాదనలేదు. భూపాలపల్లిలో ఒక బొగ్గుగని ల్యాంపు రూంలో వాడికి పని. కిందికి దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే దీపాలు అందించడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. మొదట్లో వాడూ గనిలోకి దిగినవాడే. 2006లో ఒకనాడు పైకప్పు కూలింది. దీపం పగిలిపోయి రెండు గంటలు చీకట్లో ఒక్కడే ఉండిపోయాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు గానీ, ఆ తర్వాత గని నోటి దగ్గరికి వెళ్తే చాలు, కాళ్లు మొరాయించేవి. డాక్టరు రాసిచ్చిన కాగితంతో పైపని దొరికింది. అప్పటినుంచి కుక్క మొరిగినా, తలుపు గట్టిగా చప్పుడైనా, రోడ్డు మీద ఖాకీ చొక్కా కనిపించినా వాడికి ముచ్చెమటలు పోసేవి. పోస్టుమాన్‌ను చూసి గోడ దూకాడని వాళ్లావిడ చంద్రి చెప్పి నవ్వేది.

అలాంటివాడు ఏడేళ్లపాటు ఒక మహావీరుడి కథ రాశాడు. ఒకటి కాదు రెండు కాదు, పద్నాలుగు నోటుపుస్తకాలు. అంత తప్పుల కథ నేను ఇంకోటి చదవలేదు. చదవడమేమిటి, కూర్చుని దిద్దాను కూడా. కాలనీ బడిలో నేను తెలుగు పంతుల్ని, వాడి క్వార్టరు పక్క వరసలోనే మా ఇల్లు. ఆ దిద్దడమే చివరికి నా ప్రాణం మీదికి వచ్చింది.

ఈ కథకు మొదలు జనగామలో. పూల్‌సింగ్‌ది మానుకోట దగ్గర తండా. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసినా మా వైపు నోళ్లకు అది మానుకోటే. అదే తండాలో చాంద్యా అని వాడి సావాసగాడు. 2004లో ఇద్దరూ ఎడ్ల కోసం జనగామ అంగడికి వెళ్లి, బేరం కుదరక, మధ్యాహ్నం ఆటకు సినిమాలో దూరారు. ఆ సినిమా పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, మూడో రోజుకే ఎత్తేశారు. అందులో వీరభాను అనే హీరో చివరన వంతెన మీది నుంచి ఏట్లో పడిపోతాడు. తెర మీద శుభం కార్డు పడుతుంది. సినిమా మొత్తంలో మన తెలంగాణ భాష మాట్లాడేవాడు ఒక్కడే, కోడిని దొంగిలించి తన్నులు తినే జోకరు.

బయటికి వచ్చాక చాంద్యా ఊరుకోలేదట. శవాన్ని చూపించలేదు కాబట్టి వీరభాను చావలేదన్నాడు. చాంద్యాకు సంతకం కూడా రాదు. పూల్‌సింగ్ పదో తరగతి దాకా చదివాడు. తర్వాత ఏమైందో నువ్వు రాయి, నాకు చదివి వినిపించు అని వెంటపడ్డాడు. రైలెక్కేలోపు స్టేషను ముందు మొదటి నోటుపుస్తకం కొన్నది కూడా చాంద్యాయే.

తర్వాత పూల్‌సింగ్‌కు గనిలో పని దొరికింది, వినేవాళ్లు పెరిగారు. పనిలోకి దిగే ముందు కార్మికులు హాజరు వేయించుకునే మస్టరు హాలు ఒకటి ఉంటుంది. అక్కడ ఒక పది నిమిషాలు ఖాళీ. ఆ పది నిమిషాల్లో వీడు కథ చదివేవాడు. అయితే గనిలో షిఫ్టులు వారం వారం మారతాయి. వీడి షిఫ్టు ఒక తీరుగా, వినేవాళ్లవి మరో తీరుగా. ఈ వారం విన్నవాడు మళ్లీ మూడు వారాలకు గానీ దొరకడు. మధ్యలో ఏం జరిగిందో విన్నవాడికి తెలియదు, రాసినవాడికి గుర్తుండదు. పైగా ఎవరికి ఏది ఇష్టమో వాళ్లకు అదే వడ్డించడం. బొగ్గు నింపేవాళ్ల ముందు వీరభాను చిట్యాల సంతలో నలభై మందిని మట్టి కరిపిస్తాడు. దెబ్బలు తగిలి పైపనికి మారిన పెద్దవాళ్ల ముందు అదే వీరభాను తల్లిని తలుచుకుని రెండు పేజీలు ఏడుస్తాడు.

ఇంకో పీడ పేర్లది. ప్రతివాడికీ కథలో తన పేరు ఉండాలి. కాదంటే ఎక్కడ కోపం వస్తుందోనని పూల్‌సింగ్‌కు భయం. అందుకని కాటమయ్య వీరభానును తన బండిలో గడ్డి కింద దాచి ఏరు దాటిస్తాడు. క్యాంటీన్ గట్టమ్మ సద్ది మూట కట్టిస్తుంది. కాటారం నుంచి పనికి వచ్చే యాకయ్య తన కొట్టంలో పడుకోబెడతాడు. అన్నీ అసలు పేర్లు, అసలు ఊళ్లు. కాటారం దాటాక రెండో మలుపు, రేకుల కొట్టం, ముందర మునగచెట్టు అని ఆనవాళ్లతో సహా యాకయ్య దగ్గరుండి రాయించుకున్నాడు.

రాసింది దిద్దమని నా దగ్గరికి తెచ్చేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎర్ర సిరాతో అంచుల్లో వాయించేవాణ్ణి. రెండో పుస్తకంలో ఎడమ చెయ్యి విరిగింది కదా, ఐదో దానిలో రెండు చేతులతో తాడు పట్టుకుని ఎలా ఎక్కాడు? ఏడో పుస్తకంలో తుపాకి ఎవరిచ్చారు? నాలుగు రోజులు అడవిలో ఏం తిన్నాడు? మొదట సినిమా భాష మాట్లాడినవాడు మూడో పుస్తకానికల్లా మన భాష ఎప్పుడు నేర్చుకున్నాడు? అన్నిటికన్నా నన్ను మండించింది తొమ్మిదో పుస్తకం. నలభై మందిని కొట్టిన వీరుడు భూపాలపల్లి బస్టాండులో ఒక కుక్కను చూసి చింతచెట్టెక్కి సాయంత్రం దాకా దిగడు. కారణం రాయరా అంటే, ఆ వారం తనకే భయంగా ఉండిందని చెప్పాడు.

నీ భయంతో వీరుడికి ఏం పని అని తిట్టాను. అది 2009. చాంద్యా చనిపోయిన కబురు వచ్చిన వారం అదేనని నాకు తర్వాత తెలిసింది. పూణె దగ్గర కేబుల్ కాలువ తవ్వే పనికి పోయి మట్టిపెళ్లల కింద పడ్డాడు. మేస్త్రీ అక్కడే దహనం చేయించి, బట్టల సంచీ ఒకటి తండాకు పంపించాడు. తల్లి జమ్లీ కొడుకు ముఖం కూడా చూసుకోలేదు.

తిట్టిన రోజే ఒక కిటుకు కూడా చెప్పాను. నాలుగు ఖాళీలు ఉంటే నలుగురు మనుషుల్ని పెట్టకు, ఒక్కణ్ణి పెట్టు. అన్నం పెట్టింది వాడే, తుపాకి తెచ్చింది వాడే, దారి చూపింది వాడే అని రాయి, కథ దానంతటదే కుదురుతుంది అన్నాను. వాడు తల ఊపాడు గానీ అలా రాయలేదు. ఒక్కణ్ణి పెడితే మిగతావాళ్ల పేర్లు తీసేయాలి. వాళ్లతో ఎవరు పడతారని వాడి బాధ.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, బడి మూతపడింది. నేనూ సమ్మెలోనే. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే బతుకమ్మలు. ఎన్నడూ గడప దాటని ఆడవాళ్లు లారీలకు ఎదురుగా కూర్చుంటుంటే నాకు ఒళ్లు పులకరించేది. పూల్‌సింగ్ మాత్రం మూడో వరసలో, ఎవరిదో వీపు చాటున నిలబడి జై తెలంగాణ అనేవాడు. అన్నాక ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఎవరో చిట్యాల రోడ్డు మీద చెట్టు నరికి అడ్డం పడేసి బొగ్గు లారీలను ఆపారు. ఇళ్లు సోదా చేస్తారని మర్నాడు కాలనీలో పుకారు పుట్టింది. పూల్‌సింగ్ గుండె గుభేలుమంది. పదకొండో పుస్తకంలో వీరభాను చేసేదీ అదే. చిట్యాల రోడ్డు, అడ్డంగా చెట్టు, ఆగిన లారీలు. రాసి ఏడాది దాటింది, కానీ ఆ సంగతి ఎవరు నమ్ముతారు? పొయ్యిలో పెట్టమని చంద్రి చెప్పింది. వాడికి చేతులు రాలేదు. పద్నాలుగు పుస్తకాలనూ బియ్యం సంచిలో కట్టి, తండాలో దాచుదామని ట్రాలీ ఆటో ఎక్కాడు.

దారిలో పోలీసులు ఆటో ఆపి, సంచిలో ఏముందని అడిగారు. పిల్లల నోటుపుస్తకాలు అంటే పోయేది, వాళ్లు సంచి మూతి కూడా విప్పేవాళ్లు కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వీడు ఆటో దూకి పత్తిచేనుకు అడ్డం పడి ఉరికాడు. వంద గజాలు పోకముందే పట్టుకున్నారు.

ఏ ఠాణానో చెప్పను. అక్కడి ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి వచ్చినవాడు. సన్నగా, కళ్లద్దాలతో, గుమస్తాలా ఉండేవాడట. కొట్టలేదు, తిట్టలేదు, మీరు అనే పిలిచాడు. పూల్‌సింగ్‌ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, తను లోపల కూర్చుని పద్నాలుగు పుస్తకాలూ చదివాడు. రెండు రోజులు పట్టింది. కిటికీ లోంచి పేజీ తిప్పిన చప్పుడు వినబడేది. చప్పుడైనప్పుడల్లా వీడు, ఆయన ఇప్పుడు ఏ పేజీలో ఉన్నాడో, ఎవరి పేరు వచ్చిందోనని కిటికీ వైపు మెడ చాచేవాడు. చంద్రి తెచ్చిన అన్నం ఒక్క ముద్ద దిగలేదు.

"కొడితె అయిపోతుండె సారూ. ఆయన కొడ్తలేడు, చదువుతుండు" అని తర్వాత నాతో అన్నాడు.

మూడో రోజు పొద్దున లోపలికి పిలిచారు. వీరభాను ఒక మనిషి కాదు, ఇద్దరు అన్నది ఇన్‌స్పెక్టరు తేల్చిన విషయం. ఒకడికి ఎడమ చెయ్యి విరిగింది, ఇంకొకడికి విరగలేదు. ఒకడిది కోస్తా మాట, ఇంకొకడిది ఇక్కడి మాట. చెట్టెక్కినవాడు కుక్కకు భయపడి ఎక్కలేదు, నలభై మందిని కొట్టినవాడు కుక్కకెందుకు భయపడతాడు? ఎవరి కోసమో ఎదురుచూశాడు. ఎవరి కోసం? ఇంత పెద్ద కథ ఓపికగా రాసినవాడు తుపాకి ఎక్కడిదో రాయడం మరిచిపోయాడంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. ఖాళీ ఉన్న ప్రతిచోటా ఏదో దాచిపెట్టారన్నాడు. ఏడేళ్లుగా నేను తిడుతూ వచ్చిన తప్పులన్నీ ఆయన వరసగా పట్టుకున్నాడు, ఒక్కటి కూడా వదల్లేదు.

పూల్‌సింగ్ చేతులు జోడించి, నాకు రాయడం రాదు సార్, గుర్తుండదు, షిఫ్టులు మారతయి అని మొత్తుకున్నాడు. రాయడం రాదని ఒప్పుకోవడానికి రాసేవాడికి ఎవడికీ నోరు రాదు. వీడికి వచ్చింది, లాభం లేకపోయింది.

ఇన్‌స్పెక్టరు ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు. దాని మీద పదకొండు పేర్లు, ఊళ్లతో సహా. కాటమయ్య, గట్టమ్మ, యాకయ్య. యాకయ్య కొట్టం ఆనవాళ్ల కింద గీత గీసి ఉంది.

"రేపు సాయంత్రంలోగా ఈ ఖాళీలన్నీ మీరే పూరించండి. లేకపోతే ఈ పదకొండు మందినీ పిలిపించి వాళ్లచేత పూరిస్తాం" అన్నాడు. లేవబోతూ ఇంకోటి అడిగాడు. "కథ రాసింది మీరు. అంచుల్లో ప్రశ్నలు వేస్తున్నది వేరే మనిషి. పెద్ద చదువే చదివినట్టున్నాడు. ఆ ఎర్ర సిరా ఎవరిది?"

ఆ ప్రశ్న ఆ మధ్యాహ్నమే చంద్రి నోట నాకు చేరింది. ఠాణా నుంచి తిరిగి వస్తూ మా వాకిట్లో నిలబడి చెప్పింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఎర్ర పెన్నులు రెండూ, సగం సిరా ఉన్న సీసా తీసుకెళ్లి మోరీలో పారేశాను. నీళ్లు ఎర్రబడటం చూసి ఇంకా భయమేసి, పైనుంచి రెండు బకెట్లు కుమ్మరించాను. నేరుగా ఠాణాకు వెళ్లి, అది నా రాతే, పంతుల్ని, తప్పులు దిద్దాను అని చెబితే పది నిమిషాల్లో తేలిపోయేదేమో. వెళ్లలేదు. జ్వరమని చెప్పి, పట్టపగలు దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఒకణ్ణి ముఖం మీదే పిరికివాడని ఎద్దేవా చేసిన మనిషిని నేను.

మర్నాడు పొద్దున్నుంచి పూల్‌సింగ్ వరండాలో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్క అక్షరం పడలేదు. ఏ పేరు రాయబోయినా ఆ పేరు వెనక ఇల్లు కళ్ల ముందుకు వచ్చేది. గట్టమ్మను రాస్తే ఆమె క్యాంటీన్ పోతుంది. యాకయ్యను రాస్తే ఈ సాయంత్రానికే జీపు ఆ మునగచెట్టు ముందు ఆగుతుంది. నన్ను రాస్తే నా ఉద్యోగం పోతుంది. అందరూ సరదాకు పేరు రాయించుకున్నవాళ్లు.  అప్పుడు నేను చెప్పిన కిటుకు గుర్తొచ్చింది. ఒక్కణ్ణి పెట్టాలి.

ఒక్కణ్ణే పెట్టాడు. చాంద్యాను పెట్టాడు.

అడవిలో అన్నం తెచ్చింది చాంద్యా. తుపాకి చాంద్యా పూణె నుంచి తెచ్చాడు. పదకొండు పేర్లు ఉత్తవి, తన పేరు బయటపడకుండా చాంద్యాయే రాయమన్నాడు. వీరభానుల్లో రెండోవాడు చాంద్యాయే, అందుకే భాష మారింది, అందుకే చెయ్యి బాగుంది. చెట్టెక్కింది చాంద్యా కోసమే. ఎర్ర సిరా కూడా చాంద్యాదే. ఇప్పుడు ఎక్కడున్నాడంటే గోదావరి దాటి మహారాష్ట్ర వైపు పోయాడు, ఊరు తెలియదు. పదహారు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు.

ఇన్‌స్పెక్టరు నిలబడే చదివాడు. చదివి, "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. పిలిచినప్పుడు రావాలని చెప్పి సాయంత్రం ఇంటికి పంపించాడు. పుస్తకాలు ఇవ్వలేదు. ఆయన ఆ డిసెంబరులో బదిలీ మీద వెళ్లిపోయాడనీ, ఆ కాగితాలను తర్వాత ఎవరూ పట్టించుకోలేదనీ ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

పూల్‌సింగ్ నేరుగా మా ఇంటికి వచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. నాలుగు రోజుల్లో ముఖం పీక్కుపోయి ఉంది. నేను ముందుగా అడిగింది వాడు తిన్నాడా అని కాదు. నా పేరు ఎక్కడా రాలేదు కదా అని అడిగాను.

రాలేదన్నాడు. చచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ చేయలేరు కదా సారూ అన్నాడు. నాకూ అదే న్యాయంగా తోచింది. ఇద్దరం చాలా తెలివైన పని చేశామనుకున్నాం.

పోలీసులు తండాకు వెళ్లారు. చాంద్యా చనిపోయి రెండేళ్లయిందని తండా అంతా ఒక్క మాట మీద చెప్పింది. శవాన్ని ఎవరు చూశారని అడిగారు. ఎవరూ చూడలేదు. మరణ పత్రం ఉందా అన్నారు. లేదు. మేస్త్రీ ఫోను నంబరు పనిచేయదు. దాంతో ఇన్‌స్పెక్టరు అనుమానం కాస్తా నమ్మకమైంది. వారం తిరక్కుండా మరో రెండుసార్లు వెళ్లాడు. మూడోసారి జమ్లీని కూర్చోబెట్టి, పూల్‌సింగ్ రాసిన పేజీలు కొన్ని చదివి వినిపించాడు. తల్లి మనసు కరిగి కొడుకు జాడ చెబుతుందని కాబోలు.

ఈ సంగతులు తండా నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చేవి. వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ గుండెల్లో రాయి పడేది. అబద్ధం బయటపడితే మళ్లీ ఆ పదకొండు పేర్ల కాగితం బయటికొస్తుంది, ఎర్ర సిరా బయటికొస్తుంది. సమ్మె ముగిసి గనులు తెరిచారు. పూల్‌సింగ్ ల్యాంపు రూంలో దీపాలు అందిస్తూ, బయట జీపు చప్పుడైతే చేతిలో దీపం అలాగే పట్టుకుని నిలబడిపోయేవాడట. వాడు ఇంక ఏమీ రాయలేదు. ఆనాటి నుంచి ఈనాటి దాకా రాయలేదు. నేను రోడ్డు మీద వాడు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు, బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి, మధ్యాహ్నం పూట జమ్లీ పూల్‌సింగ్ క్వార్టరుకు వచ్చింది. సారును కూడా పిలుచుకు రమ్మందని చంద్రి మా ఇంటికి వచ్చింది. వెళ్లక తప్పలేదు. ముసలామె మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక గుడ్డ సంచీ. అందులో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, కాగితం విప్పని కొత్త చొక్కా. మనిషి ముఖంలో వెలుగు చూసి నాకు భయమేసింది. నాకు అర్థం కావాలని వాళ్ల లంబాడీ భాష మాని తెలుగులో మాట్లాడింది.

చచ్చినవాడి కోసం పోలీసులు మూడుసార్లు రారని ఆమె అంది. కోడలు మళ్లీ బొట్టు పెట్టుకుందని చెప్పింది. పూల్‌సింగ్ గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"సోమారం నేనే ఠాణకు పోత బిడ్డా. నా కొడుకును నేను తోలుకొస్త, కొట్టకుంటె సాలంట. వాడు ఏ ఊర్ల ఉన్నడో జర చెప్పు. వాళ్లకు చెప్పకపోయినా నాకు చెప్పు."

ఆమె ఠాణాకు వెళ్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. కొడుకు వచ్చేదాకా ఆమెను కదలనివ్వరు. వెళ్లకుండా ఆపాలంటే నిజం చెప్పాలి. నిజం ఆమె నోట తండాకు, తండా నుంచి ఠాణాకు ఎన్నాళ్లలో చేరుతుంది? పూల్‌సింగ్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆ చూపు కోసమే ఎదురుచూసినట్టు వాడు లేచి, ఆమె కాళ్ల దగ్గర వచ్చి కూర్చున్నాడు. 

"చాంద్యా లేడు, యాడీ" అన్నాడు. వాళ్ల భాషలో తల్లిని అలా పిలుస్తారు. "నేను అబద్ధం రాసిన."

జమ్లీ నవ్వింది. పిల్లవాడి మాయమాట పట్టేసిన తల్లి నవ్వినట్టే నవ్వింది.

"నీ కతలు నాకు ఎర్కనే. చాంద్యా ఇంటికొచ్చి చెప్తుండె. ఒక్కటన్న సక్కగుంటదా? చెయ్యిరిగినోడు తాడు పట్టుకొని ఎక్కుతడు. పులిని కొట్టినోడు పిల్లికి ఉరుకుతడు. మొన్న ఆ సారు చదివిండు, మొత్తం ఇన్న. యాడ తప్పు లేదు. ఉన్నది ఉన్నట్టు రాసినవు గనుకనే అంత సక్కగ వచ్చింది."

వాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆమె వినలేదు. నా వైపు తిరిగింది.

"నా కొడుకు ఎర్ర సిరాతోని రాసిండట సారూ. వేలిముద్ర పోరడు. ఆ దేశం పోయి చదువు నేర్సుకున్నడు."

ఆమె కళ్లల్లో గర్వం. ఏం రాశాడో చెప్పమని అడిగింది. ఆ అంచుల్లో రాతలు మంచి అక్షరాలేనా, పెద్ద చదువు చదివినట్టే ఉన్నాయా అని అడిగింది.  రిటైర్మెంటుకు ఇంకా ఏడున్నర నెలలు. తలుపు తెరిచే ఉంది, అవతల వరండాలో ఎవరో నడుస్తున్నారు. లేచి వెళ్లిపోదామని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. 

"అది నా రాత అవ్వా" అన్నాను. "నేను పిల్లల కాయితాలు దిద్దినట్టు దిద్దిన. చాంద్యా కాదు."

"ఎర్ర సిరా నీదా?"

"నాదే."

 పెన్ను కోసమేమో, ఆమె నా చొక్కా జేబు వైపు చూసింది. తర్వాత ముఖంలోని వెలుగు పోయింది. ఒళ్లోని సంచీని మంచం మీద పక్కన పెట్టింది. చంద్రి వచ్చి చెయ్యి పట్టుకోబోతే వద్దంది. కోపం లేదు ఆమె గొంతులో, అడగాలి కాబట్టి అడిగినట్టు పూల్‌సింగ్‌ను అడిగింది.

"ఇంత మందిల నీకు నా కొడుకు పేరే దొరికిందా?"

వాడు ఏడుస్తూ ఆమె పాదాలు పట్టుకున్నాడు.

"తక్కినోళ్లందరు బతికున్నరు, యాడీ."

 రెండేళ్ల కిందట దినం చేసిన రోజున కూడా జమ్లీ కంట తడి పెట్టలేదని చంద్రి చెబుతుంది. ఇప్పుడు వాడి తల మీద చెయ్యి పెట్టి, కొడుకును పేరు పెట్టి పిలిచి ఏడ్చింది.